చెర్రీ కౌంటీ: కడప జిల్లా అంత నేల, ఐదున్నర వేల మంది మనుషులు

ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి డాక్టరు. జె-1 వీసా మీద అమెరికాలో రెసిడెన్సీ, అంటే డాక్టర్ల ఆసుపత్రి శిక్షణ, పూర్తిచేస్తోంది. నెబ్రాస్కా రాష్ట్రంలో చెర్రీ కౌంటీ అనే చోట ఉద్యోగం దొరికేలా ఉందంటోంది. మ్యాప్‌లో చూస్తే అంతా ఖాళీగా కనిపిస్తోంది. జనాభా ఐదు వేల చిల్లర అని రాసి ఉంది. అది ఎడారా? జనం వదిలేసి వెళ్లిపోయిన ప్రాంతమా? అంత తక్కువ మంది అక్కడ ఎలా బతుకుతున్నారు?"

నమస్కారమండీ. నేను నెబ్రాస్కాలో భూగర్భజలాల పనిలో ఇరవై రెండేళ్లు ఉన్నాను. బావుల్లో నీటిమట్టాలు కొలవడం నా పని. ఆ పని మీద చెర్రీ కౌంటీకి ఏడాదికి రెండు మూడుసార్లైనా వెళ్లేవాణ్ని. నాది రాయదుర్గం దగ్గర పల్లె. ఇసుక, కరువు, పశువులు నాకు చిన్నప్పటి నుంచి తెలిసినవే కాబట్టి, ఆ నేల నాకు త్వరగానే అర్థమైంది. మీకు కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. కొంచెం పెద్ద జవాబు, ఓపికగా చదవండి.

ముందు కౌంటీ అంటే ఏమిటో చూద్దాం. కౌంటీ ఊరు కాదు, మన జిల్లా లాంటి పాలనా విభాగం. నెబ్రాస్కాలో ఇలాంటివి 93 ఉన్నాయి, వాటిలో అన్నిటికంటే పెద్దది చెర్రీ. తూర్పు నుంచి పడమరకు సుమారు 96 మైళ్లు, ఉత్తరం నుంచి దక్షిణానికి 63 మైళ్లు. కనెక్టికట్ రాష్ట్రం మొత్తం దీనికంటే చిన్నది. మీది ప్రొద్దుటూరు కాబట్టి మీకు ఇంకా దగ్గరి పోలిక ఒకటి ఉంది. 2022లో విడదీయక ముందు మన కడప జిల్లా విస్తీర్ణం 15,359 చదరపు కిలోమీటర్లు. చెర్రీ కౌంటీలో నేల సుమారు 15,437 చదరపు కిలోమీటర్లు. రెండూ దాదాపు సమానం. 2011 జనగణనలో కడప జిల్లాలో 28 లక్షల 80 వేల మందికి పైగా ఉన్నారు. 2020 అమెరికా జనగణనలో చెర్రీ కౌంటీలో 5,455 మంది ఉన్నారు. కడప జిల్లాలోని ఊళ్లన్నీ ఖాళీ చేసి, ఒక్క పెద్ద గ్రామపంచాయతీ జనాన్ని మాత్రం పోరుమామిళ్ల నుంచి రాజంపేట దాకా చల్లినట్టు ఊహించుకోండి. తలా ఒక్కరికి ఏడు వందల ఎకరాల లెక్క.

అయితే ఈ సగటు కొంచెం మోసం చేస్తుంది. ఆ 5,455 మందిలో 2,633 మంది, అంటే దాదాపు సగం మంది, వాలెంటైన్ అనే ఒక్క పట్టణంలో ఉంటారు. జిల్లా కేంద్రం అదే. కోర్టు, షెరీఫు (కౌంటీ పోలీసు అధికారి) కార్యాలయం, ఆసుపత్రి, హైస్కూలు, పశువుల సంత, కిరాణా దుకాణాలు అన్నీ అక్కడే. మీ అమ్మాయి ఉద్యోగం కూడా అక్కడే అయ్యుంటుంది. మిగిలినవి ఉత్తరపు అంచున 20వ నంబరు జాతీయ రహదారి వెంట పూసల్లా గుచ్చిన చిన్న గ్రామాలు: వుడ్ లేక్, క్రూక్‌స్టన్, కిల్గోర్, నెంజెల్, కోడి, మెర్రిమన్. వీటిలో పెద్దవాటికి కూడా రెండు వందల మంది లేరు. నెంజెల్‌లో మన వైపు ఒక ఉమ్మడి కుటుంబం పెళ్లికి కూడేంత మంది కూడా ఉండరు. ఇవన్నీ ఒకప్పటి రైలు మార్గం మీద పుట్టిన ఊళ్లు, అందుకే ఒకే వరుసలో ఉంటాయి. ఆ వరుసకు దక్షిణంగా ఉన్న మిగతా కౌంటీ అంతా పచ్చిక దిబ్బలు, వాటి మధ్య మైళ్ల దూరాన ఒక్కొక్క ఇల్లు. మీరు మ్యాప్‌లో చూసిన ఖాళీ అదే.

ఇక మీ మొదటి ప్రశ్న: అది ఎడారా? ఈ అనుమానం మీ ఒక్కరిదే కాదు. 1820లో సర్కారు పంపిన లాంగ్ అనే సైనికాధికారి బృందం ఈ మైదానాలను చూసి, మ్యాపు మీద 'మహా అమెరికా ఎడారి' అని రాసింది. ఆ పేరు కొన్ని దశాబ్దాల పాటు చెరగలేదు. వారి కళ్లకు అలా కనిపించడంలో తప్పు లేదు, ఎందుకంటే కాళ్ల కింద ఉన్నది నిజంగా ఇసుకే.

నెబ్రాస్కాలో శాండ్‌హిల్స్ అనే ప్రాంతం ఉంది. సుమారు యాభై వేల చదరపు కిలోమీటర్లు. పశ్చిమార్ధగోళంలో ఇంతకంటే పెద్ద ఇసుక దిబ్బల మేట లేదు. కొన్ని దిబ్బలు నూట ఇరవై మీటర్ల ఎత్తు, ముప్పై కిలోమీటర్ల పొడవు ఉంటాయి. చెర్రీ కౌంటీలో ఎక్కువ భాగం ఈ దిబ్బలే. సహారాలో ఉండాల్సిన ఆకారం, కానీ పైన గడ్డి కప్పుకుని ఉంటుంది. ఆ గడ్డి వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతున్నాయి. వెయ్యేళ్ల కిందట సుదీర్ఘమైన కరువు వచ్చి గడ్డి పోయినప్పుడు ఈ దిబ్బలు కదిలాయని, ఇసుక రేణువుల వయసు కట్టిన శాస్త్రజ్ఞులు తేల్చారు.

మా రాయదుర్గం వైపు కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదావతి ఇసుక గాలికి లేచి పొలాల మీద మేట వేస్తుంది. మేము దాన్ని హగరి అంటాం. ఆషాఢ గాలికి రాత్రికి రాత్రి గట్టు కనిపించకుండా పోవడం నేను చిన్నప్పుడు చూశాను. అందుకే మొదటిసారి వాలెంటైన్‌కు నైరుతిగా 97వ నంబరు రోడ్డు మీద వెళ్తూ ఒక దిబ్బ పక్కన కారు ఆపి, వంగి గడ్డి దుబ్బుల మధ్య వేళ్లు పెట్టి చూశాను. పైన ఒక పొర ఎండిన ఆకులు. దాని కింద అంగుళం లోతున మా హగరి ఇసుకే, అదే నున్నదనం. గుప్పిట్లో పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. మట్టి అన్నది లేదు. ఇంత పెద్ద కొండను నిలబెడుతున్నది ఈ దుబ్బులే అని తెలిసినప్పుడు కాలు మోపడానికి సంకోచం కలిగింది.

అక్కడి పశువుల యజమానులకు ఆ సంకోచం పుట్టుకతోనే ఉంటుంది. గడ్డి చిరిగి ఇసుక బయటపడిన గుంటను వారు 'బ్లోఔట్' అంటారు. గాలి దాన్ని తవ్వుతూ పోతుంది. ఒక ఏడాదిలో చాట అంత ఉన్నది పదేళ్లలో చెరువంత అవుతుంది. అందుకే పాత టైర్లు, ఎండుగడ్డి తెచ్చి అందులో పరిచి పూడుస్తారు, మందను అటు పోనివ్వరు. వారు ఎంత శ్రద్ధగా పూడ్చారంటే, ఆ గుంటల్లో తప్ప మరెక్కడా బతకని ఒక లేత ఊదారంగు పూల మొక్క, బ్లోఔట్ పెన్‌స్టెమన్, దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. 1987లో దాన్ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. ఇప్పుడు దాన్ని నారు పెంచి మళ్లీ నాటుతున్నారు.

నీటి సంగతి నా పనికి సంబంధించినది కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పనివ్వండి. వాలెంటైన్‌లో ఏటా పడే వాన సుమారు ఐదు వందల మిల్లీమీటర్లు. అనంతపురం కంటే కొంచెం తక్కువే. అయినా ఈ కౌంటీలో వందల సంఖ్యలో సరస్సులున్నాయి. వాటిలో చాలావాటికి వాగులు లేవు, కట్టలు లేవు. మరి నీళ్లు ఎక్కడివి?

మీకు పెన్న గురించి చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో పెన్న ఇసుకలో చెలమ తీస్తే నీళ్లు ఊరతాయి కదా. ఇసుక కింద ఉన్న నీటిమట్టం దాకా మనం గుంట తవ్వుతాం. ఇక్కడ ఆ గుంటను గాలి తవ్వింది. రెండు దిబ్బల మధ్య పల్లం నీటిమట్టం కంటే కిందికి దిగిన చోటల్లా చెలమలా నీరు ఊరి సరస్సు అయ్యింది. వానపడితే ఈ ఇసుక మీద చుక్క కూడా పారదు, ఉన్నచోటనే ఇంకిపోతుంది. అలా వేల ఏళ్లుగా ఇంకిన నీరు ఒగల్లాలా అనే భూగర్భ జలాశయంలో చేరింది. టెక్సస్ నుంచి దక్షిణ డకోటా దాకా ఎనిమిది రాష్ట్రాల కింద అది విస్తరించి ఉంది. టెక్సస్, కాన్సస్‌లలో బోర్లు వేసి తోడేసి చాలాచోట్ల అడుగంటించారు. శాండ్‌హిల్స్ కింద మాత్రం కొన్నిచోట్ల మూడు వందల మీటర్ల మందాన నీటితో నిండి ఉంది. నేను టేపు వదిలిన బావుల్లో కొన్నిటిలో నీళ్లు రెండు మూడు మీటర్లకే తగిలేవి. వేయి అడుగుల బోరు వేసినా దుమ్ము లేచే ఊరి నుంచి వచ్చినవాణ్ని. టేపు చివర తడి చూసుకున్న ప్రతిసారీ మా ఊరు గుర్తొచ్చేది.

ఈ నీరే నదులనూ పోషిస్తుంది. నార్త్ లూప్ నది ఈ కౌంటీలోనే పుడుతుంది. వాన వచ్చినా రాకపోయినా దాని ప్రవాహంలో పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే అది ఊట మీద నడిచే నది. ఉత్తరాన వాలెంటైన్ పక్కనే నయబ్రారా నది రాతి లోయలో పారుతుంది. ఆ లోయ గోడల్లోంచి కూడా ఊటలు దూకుతుంటాయి. రాష్ట్రంలో ఎత్తైన జలపాతం స్మిత్ ఫాల్స్ అలా ఏర్పడినదే. ఈ లోయలో ఒక అపురూపం ఉంది. పడమటి పర్వతాల పాండరోసా పైన్, తూర్పు అడవుల ఓక్, ఉత్తరాన కెనడా వైపు పెరిగే తెల్లబెరడు బర్చ్, మూడూ ఒకే చోట కలుస్తాయి. మంచుయుగం ముగిసి వాతావరణం వేడెక్కినా, ఊటల చల్లదనం వల్ల బర్చ్ ఈ లోయలో మిగిలిపోయింది. 1991లో ఈ నదిలో కొంత భాగాన్ని జాతీయ సుందర నదిగా ప్రకటించారు. వేసవిలో జనం పడవల్లోనే కాదు, పశువులు నీళ్లు తాగే పెద్ద గుండ్రని రేకు తొట్టిలో బల్లలు వేసుకుని కూర్చుని ఏటివాలున తేలుతూ పోతారు.

మ్యాపు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. కౌంటీ మధ్యలో మెక్‌కెల్వీ జాతీయ అటవీ ప్రాంతం అని ఆకుపచ్చ రంగు వేసి ఉంటుంది. అడవి అని ఊహించుకోవద్దు. 1902లో దిబ్బల మీద చెట్లు పెంచాలని సంకల్పించి చేతితో నాటిన పైన్ తోటలు కొన్ని ఉన్నాయి, మిగతా అంతా గడ్డే.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఇన్ని నీళ్లుండి, ఇంత పచ్చగా ఉండి, మనుషులు ఎందుకు లేరు?

మనుషులు ముందు నుంచీ ఉన్నారు. ఇది పానీ, పొంకా, లకోటా అనే ఆదివాసీ ప్రజలు అడవిదున్నల వెంట తిరిగిన నేల. 1868లో జరిగిన ఫోర్ట్ లారమీ ఒప్పందంలో నార్త్ ప్లాట్ నదికి ఉత్తరాన వేటాడే హక్కు లకోటాలకు ఉందని అమెరికా ప్రభుత్వం రాసి ఇచ్చింది. పదేళ్లు తిరక్కుండానే వారిని ఉత్తరాన డకోటా నేలల్లోని రిజర్వేషన్లలోకి, అంటే ఆదివాసీలకని విడిగా కేటాయించిన ప్రాంతాల్లోకి, నెట్టారు. వారి మీద నిఘాకు 1880లో నయబ్రారా ఒడ్డున కోట కట్టారు. 1883లో కౌంటీ ఏర్పడింది, ఆ రోజుల్లోనే రైలు వచ్చింది. కౌంటీ సరిహద్దు దాటి ఉత్తరాన అడుగు పెడితే నేటికీ రోజ్‌బడ్ రిజర్వేషన్. ఈ చరిత్ర మీ అమ్మాయికి తెలిసి ఉండాలి, ఎందుకంటే కౌంటీలో శ్వేతజాతీయుల తర్వాత ఎక్కువగా ఉన్నది లకోటాలే, సరిహద్దు దాటి వాలెంటైన్‌కు పనుల మీద వచ్చేవారూ ఉంటారు.

తెల్లజాతివారు మొదట ఈ దిబ్బలంటే భయపడ్డారు. దారి తప్పితే తిరిగి రాలేమని పశువులను కూడా అటు పోనిచ్చేవారు కారు. 1879 వసంతంలో మంచు తుపానుకు ఒక మంద దిబ్బల్లోకి చెదిరిపోయింది. కౌబాయ్‌లు భయపడుతూనే వెతుక్కుంటూ వెళితే, చచ్చిపోయి ఉంటాయనుకున్న పశువులు కండపట్టి కనిపించాయి. వాటితో పాటు యజమాని గుర్తుగా వేసే వాత ఏదీ లేని పశువులు కూడా లోపల మేస్తున్నాయి. అప్పటి నుంచి ఇది పశువుల నేల అయ్యింది.

తర్వాత ప్రభుత్వం దీన్ని రైతుల నేలగా మార్చాలని చూసింది. 1862 చట్టం కింద సేద్యం చేసుకునే కుటుంబానికి 160 ఎకరాలు ఉచితంగా ఇచ్చేవారు. తడి నేలల్లో అది చాలు, ఇక్కడ చాలలేదు. మోజెస్ కింకేడ్ అనే కాంగ్రెస్ సభ్యుడు 1904లో చట్టం తెచ్చి పశ్చిమ నెబ్రాస్కాలో దాన్ని 640 ఎకరాలకు పెంచారు. జనం పోటెత్తారు. 1900లో 6,541గా ఉన్న చెర్రీ కౌంటీ జనాభా 1910కి 10,414, 1920కి 11,753 అయ్యింది. బానిసత్వం నుంచి కెనడాకు పారిపోయి స్వేచ్ఛ పొందిన నల్లజాతి కుటుంబాల వారసులు కూడా వచ్చి, 1907 నుంచి నార్త్ లూప్ ఒడ్డున డెవిట్టి అనే ఊరు కట్టుకున్నారు. నెబ్రాస్కాలో నల్లజాతి రైతుల అతిపెద్ద స్థావరం అదే. బడి, చర్చి, బేస్‌బాల్ జట్టు అన్నీ ఉండేవి. 83వ నంబరు రోడ్డు పక్కన 2016లో ఒక ఫలకం పెట్టారు. ఊరు మాత్రం 1930ల నాటికే లేదు.

ఎందుకు లేకుండా పోయింది? డెవిట్టి ఒక్కటే కాదు, కింకేడ్ రైతుల్లో ఎక్కువమంది నిలవలేదు. దున్నితే గడ్డి తెగింది, గడ్డి తెగితే ఇసుక లేచింది. ఇక్కడ ఒక ఆవూ దూడా ఏడాదంతా బతకడానికి పదిహేను ఇరవై ఎకరాల గడ్డి కావాలి. అంటే 640 ఎకరాల మీద ముప్పై నలభై ఆవులు. దాని మీద ఒక కుటుంబం బతకలేదు. ఒక్కొక్కరే పక్కవారికి అమ్ముకుని వెళ్లారు. పక్కవారి భూమి పెరిగింది. యంత్రాలు వచ్చాక పది మంది చేసే గడ్డికోత ఇద్దరు చేయగలిగారు. కౌంటీ జనాభా 1950లో 8,397, 1970లో 6,846, 2000లో 6,148, 2020లో 5,455.

ఈ అంకెలను తగ్గుదల అని మాత్రమే చదివితే అసలు సంగతి తప్పిపోతుంది. 1890 జనగణన తర్వాత అమెరికా ప్రభుత్వం 'ఇక మన దేశంలో జనావాసానికీ ఖాళీ నేలకూ మధ్య సరిహద్దు రేఖ లేదు, అంతా జనావాసమే' అని ప్రకటించింది. జనావాసమని వారు లెక్కపెట్టిన కొలత చదరపు మైలుకు ఇద్దరు మనుషులు. చెర్రీ కౌంటీ నేల సుమారు 5,960 చదరపు మైళ్లు. 1920లో అత్యధికంగా జనం ఉన్న రోజున కూడా లెక్క వేస్తే చదరపు మైలుకు ఇద్దరు తేలరు, 1.97 వస్తుంది. 2020లో అయితే 0.92. అంటే ఆ కొలత ప్రకారం ఈ కౌంటీ ఏ జనగణనలోనూ జనావాసం కాలేదు. ఉచితంగా భూమి ఇచ్చి, చట్టం మార్చి, రైలు వేసి రప్పించినా ఆ ఇసుక ఇద్దరిని ఒప్పుకోలేదు. అందుకే జనం వదిలేసిన ప్రాంతం అనే మాటను నేను ఒప్పుకోను. అక్కడ మిగిలినవారు ఆ నేలకు ఎంత కావాలో తెలిసినవారు. దున్నడం ఎప్పుడో మానేశారు. గొడ్లను ఎక్కడ ఎన్ని రోజులు మేపాలో, ఎప్పుడు తోలాలో వారికి తెలుసు. దేశంలో మాంసపు జాతి ఆవులు అన్నిటికంటే ఎక్కువ ఉన్న కౌంటీ ఇదే, మనుషులకు ఎన్నో రెట్లు.

ఆ ఆవులు ఎక్కువగా నల్ల ఆంగస్, ఎర్ర హెర్‌ఫర్డ్ జాతులు. మన ఒంగోలు రక్తం కలిసిన బ్రాహ్మణ్ జాతి కోసం చూస్తారేమో, అది వేడి ఎక్కువైన టెక్సస్ వైపు ఉంటుంది, ఈ చలికి తట్టుకోదు. ఇక్కడ ఏడాది అంతా ఆవు చుట్టూ తిరుగుతుంది. చలికాలం చివర ఈనడం మొదలవుతుంది, రాత్రిళ్లు రెండేసి గంటలకోసారి లేచి మందను చూసుకుంటారు. మే, జూన్‌లలో దూడలకు వాతలు వేస్తారు. ఆ రోజు చుట్టుపక్కల ముప్పై మైళ్ల నుంచి పొరుగువారు గుర్రాలతో వస్తారు, కూలి తీసుకోరు. మన పల్లెల్లో ఒకప్పటి బదులు పని లాంటిదే. జులైలో పల్లపు బీళ్లలో గడ్డి కోసి వాములు వేస్తారు. శరత్కాలంలో దూడలు సంతకు వస్తాయి. ఏడాది సంపాదన అంతా ఆ ఒకటి రెండు రోజుల ధర మీద ఆధారపడుతుంది.

బాధ కలిగించే విషయాలూ చెప్పాలి, దాచడం మీకు మేలు చేయదు. పిల్లలు హైస్కూలు అయ్యాక లింకన్, కెర్నీ, ఒమాహా వెళ్తారు, చాలామంది తిరిగి రారు. భూమి విలువ పెరిగి, వారసత్వం లేనివారు కొత్తగా రాంచ్ (పశువులు పెంచే పెద్ద క్షేత్రం) పెట్టడం దాదాపు అసాధ్యమైంది. పెద్దవయసు వారు ఎక్కువ. ఊళ్లో బడి మూతపడితే ఆ తర్వాత దుకాణం, దాని తర్వాత చర్చి. ఇది నేను రెండు మూడు చోట్ల కళ్లారా చూశాను. అయితే కోడి గ్రామాన్ని కూడా చూశాను. అక్కడ కిరాణా దుకాణం లేకుండా పోతే, బడి పిల్లలే నడిపేలా ఒక దుకాణం కట్టుకున్నారు. గోడలు గడ్డిమోపులతో కట్టి పైన గార పూసినవి. 2013లో తెరిచారు. నేను వెళ్లిన రోజు లెక్క కట్టింది పదో తరగతి వయసు అమ్మాయి. నేను కొన్న రొట్టె, యాపిల్స్ సంచిలో వేస్తూ, దూరం వెళ్లాలా, కారులో మంచినీళ్లు ఉన్నాయా అని అడిగింది. మెర్రిమన్ దగ్గరి బార్ 99 రాంచ్ యజమానురాలు ఈవా బౌరింగ్ 1954లో అమెరికా సెనేట్‌లో కూర్చున్నారు. నెబ్రాస్కా నుంచి ఆ పదవికి వెళ్లిన మొదటి మహిళ ఆవిడే. ఆ రాంచ్ ఇప్పుడు ప్రభుత్వ చారిత్రక ఉద్యానం, తప్పక చూడండి.

మీ అమ్మాయి కోసం కొన్ని పనికొచ్చే మాటలు. డాక్టర్లు దొరకని ఇలాంటి చోట మూడేళ్లు పనిచేస్తే, జె-1 వీసా మీద ఉన్నవారు రెండేళ్లు స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న నిబంధన నుంచి మినహాయింపు వస్తుంది. 1994లో వచ్చిన కాన్రాడ్ పథకం ఇది, ఒక్కో రాష్ట్రానికి ఏటా ముప్పై స్థానాలు. మన తెలుగు డాక్టర్లు చాలామంది అమెరికా పల్లెలకు ఈ దారిలోనే వెళ్లారు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు వలస చట్టాల న్యాయవాదికి చూపించమనండి. రాత్రి డ్యూటీలు నెలకు ఎన్ని, సెలవులో వెళ్తే బదులు ఎవరు, ఈ రెండూ కాగితం మీద ఉండాలి. డాక్టర్లు కొద్దిమందే ఉండే చోట ఆ రెండు మాటల మీదే జీవితం ఆధారపడి ఉంటుంది.

కౌంటీలో రెండు కాలమానాలున్నాయి. వాలెంటైన్‌లో పది గంటలైతే అరవై మైళ్ల పడమర మెర్రిమన్‌లో తొమ్మిది. రోగులకు సమయం ఇచ్చేటప్పుడు 'ఏ టైము' అని అడగడం అక్కడ మామూలే. దక్షిణాన నార్త్ ప్లాట్ పట్టణం, పెద్ద రహదారి సుమారు రెండు వందల కిలోమీటర్లు. హిందూ దేవాలయం, తెలుగువారు, కరివేపాకు కావాలంటే ఒమాహా దాకా వెళ్లాలి, దాదాపు 480 కిలోమీటర్లు. నెలకు సరిపడా పప్పులు, బియ్యం, పచ్చళ్లు ఒకేసారి తెచ్చిపెట్టుకోవాలి. చలికాలంలో కారులో దుప్పటి, పార, తిండి, నీళ్లు లేకుండా ఊరు దాటకూడదు. 1949 జనవరి మంచు తుపానులో ఈ ప్రాంతాల్లో దారులు తెరవడానికి, పశువులకు గడ్డి విమానాల నుంచి వేయడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. అంతటిది అరుదు, కానీ రెండు మూడు రోజులు రోడ్లు మూసుకోవడం అరుదు కాదు. చాలా చోట్ల ఫోను పనిచేయదు, మ్యాపు ముందే దించుకోవాలి.

రోడ్డుకు అడ్డంగా గుంట మీద ఇనుప కమ్మీలు పరిచి ఉంటాయి. వాటిని 'ఆటోగేట్' అంటారు. కార్లు దాటతాయి, పశువులు దాటవు. మామూలు గేటు ఎదురైతే తెరిచి ఉన్నదాన్ని తెరిచే ఉంచాలి, మూసి ఉన్నదాన్ని దాటాక మూయాలి. ఎదురొచ్చే ప్రతి బండివారూ స్టీరింగు మీద నుంచి రెండు వేళ్లు ఎత్తి పలకరిస్తారు, మనమూ ఎత్తాలి. ఇంకొక ముఖ్యమైన మర్యాద: ఎవరినీ 'మీకు ఎన్ని ఆవులు, ఎన్ని ఎకరాలు' అని అడగకూడదు. అది బ్యాంకులో ఎంత డబ్బుందని అడిగినట్టే. మనవాళ్లు ఆప్యాయంగా అడుగుతారు, వారు నొచ్చుకుంటారు. వాన గురించి, గడ్డి గురించి అడగమనండి, గంటసేపు మాట్లాడతారు.

ఒంటరితనం గురించి మీరు నేరుగా అడగలేదు గానీ, మీ ప్రశ్నలో అది ఉందని నాకు తెలుస్తోంది. మొదటి చలికాలం కష్టంగానే ఉంటుంది. కానీ ఐదు వేల మందికి కొద్దిమంది డాక్టర్లే ఉన్న చోట మీ అమ్మాయి అపరిచితురాలిగా ఎక్కువ రోజులు ఉండదు. ఒక నవంబరులో మెర్రిట్ జలాశయం దాటాక నా బండి ఇసుకలో కూరుకుపోయింది. మంచు మొదలైంది, ఫోను లేదు. నలభై నిమిషాల తర్వాత ఒక పెద్దాయన ట్రాక్టరుతో వచ్చి లాగారు. నేను వెళ్లడం పొద్దున తన వంటింటి కిటికీలోంచి చూశారట, తిరిగి రావడం చూడలేదట. అందుకని బయలుదేరానన్నారు. ఆ కిటికీ రోడ్డుకు మైలు దూరాన ఉంది.

మీరూ, మీ ఆవిడా చూడటానికి రావాలనుకుంటే జూన్ మొదటి వారంలో రండి. గడ్డి అప్పుడే పచ్చగా ఉంటుంది. వాలెంటైన్ నుంచి 97వ నంబరు రోడ్డు మీద మల్లెన్ వైపు వెళ్లండి. గంటసేపట్లో ఎదురయ్యే బండ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దారిలో గాలిమర కనిపించిన చోట ఆగండి. కంచె దాటవద్దు, రోడ్డు పక్కనే ఉన్నవి చాలా ఉంటాయి. గాలి కొద్దిగా వీచినా చక్రం తిరిగి, కమ్మీ కిర్రుమంటూ పైకీ కిందికీ ఆడి, గొట్టంలోంచి వేలు లావు ధారగా చల్లటి నీళ్లు తొట్టిలో పడుతుంటాయి. తొట్టి నిండి పొర్లిన నీరు నాలుగు అడుగులు కూడా పారకముందే ఇసుకలోకి దిగిపోతుంది.